సంతోష్‌కు నేను చెప్పిన డైలాగు

ఈ రోజు నాందేడ్‌లో మా మరాఠీ మిత్రుడు సంతోష్‌తో కలిసి ఇద్దరు డిటెక్టివ్‌ల తెలుగు కామెడీ సినిమా చూశాను. వాడికి మన మాట కొంచెం వచ్చు గానీ సినిమా వేగం అందదు. అందుకే ఎప్పటిలాగే వాడి చెవిలో మరాఠీలో చెబుతూ కూర్చున్నాను. ఆ ఇద్దరి దోస్తీ నిజంగా బాగుంది, నేనూ పడీ పడీ నవ్వాను. కానీ ఆధారం దొరకనప్పుడల్లా హోటల్ సర్వర్‌ను కొట్టడం కూడా హాస్యమేనట! శ్రమజీవి చెంప అంత చవకా? ఒళ్లు మండింది.

హాలంతా నవ్వుతుంటే సంతోష్ అడిగాడు: "సర్వర్ ఏమన్నడు రా?"

"ఇంకో చెంప కూడా ఉంది సార్" అన్నాడు నిజానికి ఆ సర్వర్. "దొంగను పట్టుడు చేతగాక నన్ను కొడ్తున్నరా?" అన్నాడని నేను చెప్పాను.

సంతోష్ సీటు గుద్ది మరీ నవ్వాడు. బయటికొచ్చాక, "గా సర్వరే అసలు హీరో రా భాయ్! రేపు మా వహినిని, అదే మా వదినను, తీస్కొస్త. ఆమెది ఆదిలాబాదే గదా, తెలుగు నాకన్నా మంచిగ సమజైతది" అన్నాడు.

సినిమాను సరిదిద్దానని అప్పటిదాకా గర్వపడ్డాను. ఇప్పుడు వాడికి నిజం చెప్పాలా, లేక ఆ వదినకే ఫోన్ చేసి సర్వర్ అలాగే అన్నాడనమని బతిమాలాలా? మీరైతే ఏం చేస్తారు?