చిన్నమ్మ పుట్టుమచ్చ

పక్కింటికి సున్నం కొడుతున్నారు. తడి సున్నం వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా చిన్నాయన బళ్లారి కంటోన్మెంటులో ఫొటోలు తీసేవాడు. సన్నటి పెన్సిలుతో ఫొటోల్లోని ముఖాల మీద మచ్చలు మాయం చేసేవాడు. చిన్నమ్మ బుగ్గ మీద కందిగింజంత పుట్టుమచ్చ ఉండేది. "అదొగటి లేకుంటే నీ ముఖానికి వంకే లేదు," అని రోజూ అనేవాడు.

ఒకనాడు సున్నంలో చాకలిసోడా కలిపి దాని మీద పెట్టాడు. ఏడేళ్ల నేను పక్కనే కూర్చుని, "ఊడినాక నాకిస్తావా చిన్నమ్మా?" అని అడిగాను.

"నీకే ఇస్తాలే," అంది కళ్లనీళ్లతోనే.

పుట్టుమచ్చ పోయింది. దాని చోట చింతగింజంత కాలిన గుంట మిగిలింది. ఇంట్లో ఒక్కరూ ఆయన్ను తప్పుపట్టలేదు. పైగా మా అవ్వ, "ఆయప్పకు పెండ్లామంటే ఎంత అక్కరో చూడు," అని అమ్మతో మురిసిపోయింది. నేనూ అది ప్రేమేననుకున్నాను.

పుండు మానిన వారానికి చిన్నాయన ఆమె ముఖాన్ని వెలుతురుకు తిప్పి పట్టుకుని చూశాడు. "పైపన్ను కొంచెం వంకర ఉండాది," అన్నాడు.

చిన్నమ్మ నోరు మూసుకుంది. ఆ తర్వాత ఎప్పుడు నవ్వినా కొంగు అడ్డం పెట్టుకునేది. అన్నేళ్లూ మేమంతా దాన్ని సిగ్గు అనే మెచ్చుకున్నాం.