గడ్డకట్టే చలిలో కారుకు స్నానం

ఒక మనిషి ఉద్యోగం, ఒక కారు ఆయుష్షు, నా పరువు. ఈ మూడింటినీ ఒకే ఉదయం, పావుగంటలో ప్రమాదంలో పడేసిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు, అప్పట్లో నవ్వలేకపోయింది నేనూ నా రూమ్‌మేట్ స్వప్నా మాత్రమే.

పరాయిదేశంలో, నేపర్‌విల్ అనే ఊళ్లో అది నా మొదటి ఉద్యోగం, మొదటి కారు. కారంటే పాతదే, వెనక తలుపు పైకి లేచే చిన్న బండి. అమ్మిన ప్రసాద్ అంకుల్ తాళాలు చేతిలో పెడుతూ, "చలికాలం ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారమ్మా. మంచు కరుగుతుంది గానీ, ఆ ఉప్పునీళ్లు కారు కింద అంటుకుని తుప్పు పట్టిస్తాయి. కాస్త వెచ్చగా ఉన్న రోజు చూసుకుని అడుగుభాగం కడిగించుకుంటూ ఉండు" అన్నారు. నా చెవులు "కడిగించుకుంటూ ఉండు" అన్న ముక్కను భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాయి. "వెచ్చగా ఉన్న రోజు" అన్న ముక్కను ఆయన ఇంటి ముందే వదిలేశాయి.

ఇక చూడాలి నా భక్తి. కార్‌వాష్‌లో మెంబర్‌షిప్ తీసుకున్నాను. ఆఫీస్ నుంచి వస్తూ ఒకసారి, కూరగాయలకు వెళ్లొస్తూ ఇంకోసారి. పార్కింగ్‌లో మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైట్ వేసి, పసిపిల్లకు పళ్లొచ్చాయేమో చూసినట్టు కారు కిందకు తొంగి చూసేదాన్ని. నా రూమ్‌మేట్ స్వప్నది కరీంనగర్. అది బాల్కనీలోంచి చూసి, "నీ మొఖమన్న గిన్నిసార్లు కడుగుతవానే?" అనేది.

ఆ స్వప్నకే జనవరిలో ఇంటర్వ్యూ వచ్చింది. మాస్టర్స్ అయిపోయాక ఉద్యోగం లేకుండా ఈ దేశంలో ఉండడానికి ఇచ్చే గడువు దానికి రెండు వారాలు కూడా మిగల్లేదు. దానికి కారు లేదు. "నేను డ్రాప్ చేస్తాలే" అన్నాను, పెద్ద మనసుతో.

ఆ రోజు ఎండ ఉంది గానీ, ఆ ఎండ ఫొటోకి తప్ప దేనికీ పనికిరాదు. గడ్డకట్టే చలి. నా కారేమో ఊరగాయకు ఉప్పు పట్టించిన మామిడిముక్కలా తెల్లగా ఉంది. ప్రాణం ఒప్పలేదు. దారిలో స్టీరింగ్ కార్‌వాష్ వైపు తిప్పాను.

"ఎటు పోతున్నవే?" అంది స్వప్న.

"అయిదే నిమిషాలు. ఉప్పెలా పేరుకుపోయిందో చూశావా?"

"రమ్యా, ఇంటర్వ్యూ నాది. కారుది కాదు."

"టైమ్ బోలెడుంది. శుభ్రమైన కార్‌లో దిగితే ఇంప్రెషన్ కూడా బాగుంటుంది."

"కారు కింద పండి చూస్తరా వాళ్లు?"

కార్‌వాష్‌లో ఒక్క బండి కూడా లేదు. బుద్ధున్నవాళ్లెవరైనా ఎందుకు లేదని ఆలోచిస్తారు. నేను అదృష్టమనుకున్నాను. గేటు దగ్గర ఉన్న పెద్దాయన నన్నూ, ఆకాశాన్నీ మార్చి మార్చి చూసి, "ఇవాళేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఇవాళేనని గర్వంగా తలూపాను.

పదింటికి ఇంటర్వ్యూ అయితే, పది నిమిషాల ముందే ఆ ఆఫీస్ పార్కింగ్‌లో ఉన్నాం. స్వప్న తలుపు నెట్టింది. రాలేదు.

"లాక్ తియ్యే."

"తీశాను."

"మరి వస్తలేదు?"

నా వైపు తలుపూ రాలేదు. తలుపుల చుట్టూ ఉండే రబ్బరులో చేరిన నీళ్లన్నీ దారిలోనే గడ్డకట్టి, నాలుగింటినీ అతికించేశాయి. అద్దం దించుదామని బటన్ నొక్కితే, దోమలా ఓసారి మూలిగి ఊరుకుంది.

స్వప్న తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నాకు ఇంకో ఇంటర్వ్యూ లేదే" అంది, చాలా మెల్లగా. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

మిగిలింది వెనక తలుపే. స్వప్న సీట్ల మీదుగా వెనక్కి పాకింది. కానీ ఆ తలుపుకి లోపల పిడి లేదు. నేను హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. చివరికి కాఫీ పట్టుకుని వెళ్తున్న ఒకాయన ఆగి, మా కథ అద్దంలోంచే గ్రహించి, కప్పు నేల మీద పెట్టి, తలుపు చుట్టూ పిడికిలితో గుద్ది పైకి లాగాడు. బ్లేజర్ వేసుకున్న స్వప్న, బూట్లు ఒక చేతిలో, ఫైలు పళ్ల మధ్యన, తల ముందుగా బయటికొచ్చింది. ఆయన కాన్పు చేసే డాక్టరంత జాగ్రత్తగా అందుకున్నాడు. అది బూట్లేసుకుని, వెనక్కి చూడకుండా లోపలికి పరుగెత్తింది.

నేనూ అదే దారిన రావచ్చు. కానీ నాకు కారు మీద కోపమొచ్చింది. పక్క సీటుకి వీపు ఆనించి, రెండు కాళ్లతో నా తలుపుని తన్నాను. మూడో తన్నుకి చర్రుమని తెరుచుకుంది. దాంతోపాటు రబ్బరు ఊడొచ్చి వేలాడింది.

గంట తర్వాత స్వప్న వచ్చి కూర్చుంది.

"ఎలా జరిగింది?"

"ఇంటర్వ్యూ రూమ్‌కి ఇంత పెద్ద కిటికీ ఉంది."

"ఎటువైపు?"

"పార్కింగ్ దిక్కే. ముగ్గురు కూసున్నరు. మొదటి ప్రశ్న, ఏదన్న కష్టంల ఇరుక్కుంటే ఎట్ల బయటపడ్డరో చెప్పుమని. అండ్ల ఒక మేడమ్ అది సదివి, నన్ను చూసి, కాగితం మీద ఆ ప్రశ్న కొట్టేసింది. 'ఇది మేం చూశాం' అన్నది."

శుక్రవారం ఆఫర్ లెటర్ వచ్చింది. స్వప్న బతికిపోయింది. కారు బతకలేదు. ఊడిన రబ్బరుని టేపుతో అంటించాను. వసంతంలో కురిసిన వానంతా ఆ సందులోంచి లోపలికొచ్చి, కార్పెట్ కింద కాపురం పెట్టింది. మరుసటేడు మెకానిక్ కార్పెట్ ఎత్తి, కింది రేకుని వేలితో పొడిచి చూశాడు. తర్వాత, "ఉప్పు కింది నుంచి తినేసిన కార్లు లెక్కలేనన్ని చూశాను. లోపలి నుంచి తుప్పు పట్టింది మాత్రం ఇదే మొదటిది. అడుగు మాత్రం భలే శుభ్రంగా ఉంచావు" అన్నాడు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. నీళ్లు గడ్డకట్టే రోజున ఏ కారుకూ స్నానం చేయించను. ఇంటర్వ్యూకి వెళ్లే ఏ మనిషినీ నా కార్‌లో ఎక్కించుకోను. నోటిమాట చాలదని స్వప్న అంటే, రాసి సంతకం కూడా పెట్టాను. అది లామినేషన్ చేయించుకుంది.