ఏడు నంబరు ఎల్లన్న

ఎల్లన్న కాలు నంబరు ఏడు. ఈ సంగతి ఎల్లన్న తప్ప ఇంకెవరూ ఒప్పుకోరు. ఆయన కాలైతే అసలే ఒప్పుకోదు. చెప్పులు వేసుకుంటే ముందు రెండు వేళ్లు, వెనక సగం మడమ బయటే ఉంటాయి. వాన పడ్డ రోజు గోదావరిఖనిలో ఆయన ఏ సందులోకి పోయాడో ఎవర్నీ అడగనక్కర్లేదు. బురదలో మధ్యన చెప్పు అచ్చు, దాని చుట్టూ కాలి అచ్చు కనబడితే, అది ఎల్లన్న పోయిన దారే.

ఈ ఏడుకో కథ ఉంది. నలభై అయిదేళ్ల కింద బొగ్గు బాయిలో నౌకరి వచ్చింది ఆయనకు కాదు, అన్న నర్సింగానికి. మొదటి రోజే కొత్త బూట్లు ఇరుకై, కాళ్లు కరిచి, నర్సింగం సగం దారిలోంచి పైకి వచ్చేశాడట. తమ్ముడు అవే బూట్లు తొడుక్కుని, అన్న పేరు మీదే దిగాడట. పేరొకరిది, మనిషొకరు అన్నది ఆ రోజుల్లో పెద్ద వింతేం కాదు. "అన్నకు ఇరుకైనయి, నాకు సరిపోయినయి. ఏడు నంబరు," అని ఎల్లన్న ఈ కథను అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

రిటైరయ్యేదాకా ఏడే అడిగి తీసుకున్నాడు. రిటైరై ఆరేళ్లయినా ఏడే. కరిస్తే తప్పు కాలిది కాదు, చెప్పు చేసినవాడిది.

"ఇప్పటోళ్లు ఐదు చేసి ఏడని ముద్ర కొడుతున్నరు," అంటాడు.

భార్య సారవ్వ చెయ్యని ప్రయత్నం లేదు. ఒకసారి తొమ్మిది నంబరు చెప్పులు కొని, అడుగున ఉన్న అంకెను కత్తితో గీకి ఇచ్చింది. ఎల్లన్న రెండు రోజులు కాలనీ అంతా హాయిగా తిరిగాడు. "అసలైన ఏడంటే గిట్లుంటది," అని పక్కింటి అనసూర్యకు కాలెత్తి మరీ చూపించాడు. మూడో రోజు చెప్పులు కడుగుతుంటే పట్టీ లోపల ఇంకో తొమ్మిది కనబడింది. అప్పటిదాకా నిటారుగా నడిచిన మనిషి అక్కడినుంచి ఇంట్లోకి కుంటుకుంటూ వచ్చాడు.

"ఏమైంది?" అంది సారవ్వ.

"లూజున్నయి. నడవరాదు."

అంతవరకు నవ్వుకునే విషయమే. షుగరు వచ్చాక నవ్వు పోయింది. బొటనవేలి పక్కన పుండు పడింది. అది మానడానికి మూడు నెలలు పట్టింది. "ఇంకోసారి పుండు పడితే వేలు తీసేయాల్సి వస్తదమ్మా. కాలుకు సరిపోయే చెప్పులు కొనండి," అన్నాడు దవాఖానలో డాక్టరు. బయటికి రాగానే ఎల్లన్న, "విన్నవా? సరిపోయేటియి అన్నడు. అంటే ఏడే," అన్నాడు. సారవ్వ అక్కడే మెట్ల మీద కూలబడింది. ఈ మనిషి వేలు పోతుంది, తరవాత కాలు పోతుంది, అప్పుడు కూడా మిగిలిన కాలికి ఏడే అడుగుతాడు అనిపించి ఆమెకు ఏడుపొచ్చింది.

అయినా ఆశ చావక లక్ష్మీనగర్‌లో గులాం అలీ చెప్పుల దుకాణానికి లాక్కుపోయింది. గులాం అలీ నేల మీద కాగితం పరిచి, ఎల్లన్న కాలు పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి కొలిచాడు.

"కాకా, పది వచ్చింది."

"పెన్సిలు లావున్నది."

"నీ కాల్మొక్త, ఒక్కసారి పది తొడుగు," అంది సారవ్వ.

"మొక్కితే మొక్కు. నంబరు ఏడే."

వారం తిరక్కుండా పాత పుండు చోట మళ్లీ ఎర్రగా కమిలింది. సారవ్వకు దారి తోచక, మందమర్రిలో ఉన్న బావ నర్సింగానికి ఫోన్ చేసింది. "నువ్వు చెప్తె వింటడు బావా," అంది.

నర్సింగం తెల్లారే వచ్చాడు. కాళ్లకు పెద్ద చెప్పులు, అడుగడుక్కీ టపటపమని చప్పుడు. ఎల్లన్న నిద్రలో ఉన్నాడు. నర్సింగం తమ్ముడి వేలు చూసి, దుప్పటి కప్పి, సారవ్వను అవతలికి పిలిచాడు.

"సారవ్వా, ఆ బూట్లు నాకు ఇరుకు కాలే," అన్నాడు మెల్లగా.

"మరి?"

"భయమైంది. సగం దాక దిగిన, చీకట్ల కాళ్లు రాలే. మీదికొస్తె అందరు నవ్వవట్టిండ్రు. వీడు ఉరికొచ్చి బూట్లు గుంజుకొని తొడిగిండు. 'అన్నకు ఇరుకైనయి, గంతే' అన్నడు. అప్పటికే వీని కాలు ఎనిమిది దాటింది. ఏడు నాది."

"నీదా?"

"నాదే. ఆ మాట నిలవడాలని నేను గూడ అప్పటిసంది తొమ్మిదే తొడుగుతున్న. ముందట గుడ్డ పెట్టుకుంట."

సారవ్వ నోరు తెరిచి చూసింది. ఒకడు నలభై అయిదేళ్లు వేళ్లు నలుపుకున్నాడు, ఇంకొకడు నలభై అయిదేళ్లు గుడ్డలు కుక్కుకున్నాడు. తిట్టడానికి ఎవరితో మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరినీ గులాం అలీ ముందు కూచోబెట్టింది. అంతకుముందే ఒక్కతే వచ్చి, అతని చెవిలో అంతా వేసి పోయింది.

"కాకా, నీకొక మాట చెప్పాలె," అన్నాడు గులాం అలీ గంభీరంగా. "వయసు మీద పడితే పాదం సాగుతది. లోపలి నరాలు వదులైతయి, అడుగు భాగం వాలుతది. అందుకే పెద్దోళ్లను మళ్ల మళ్ల కొలవాలె. ఇంకొందరికేమో ఎండుకపోయి చిన్నగైతది."

మొదటిది నిజమే. రెండోది సారవ్వ కోసం కలిపాడు.

ఎల్లన్న ముందుకు వంగాడు. "అంటే అప్పుడు నా కాలు ఏడే."

"పక్కా ఏడే."

"మా అన్నది తొమ్మిది."

"తొమ్మిదే."

"రాసియ్యి."

గులాం అలీ అట్టపెట్టె మూత మీద రాసిచ్చాడు. ఎల్లన్న, అప్పుడు ఏడు, ఇప్పుడు పది. నర్సింగం, అప్పుడు తొమ్మిది, ఇప్పుడు ఏడు. ఎల్లన్న రెండుసార్లు చదువుకుని, మెత్తటి పది నంబరు చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. వేళ్లు ఒక్కొక్కటే విడిపోయి వెడల్పుగా పరుచుకున్నాయి. సారవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తరవాత ఎల్లన్న కిందికి వంగి, అన్న కాలికి ఏడు నంబరు చెప్పు తనే తొడిగి, పట్టీ బిగించాడు.

"ఇరుకున్నదా అన్నా?"

"లేదు తమ్మి. సరిగ్గ ఉన్నది."

ఇద్దరూ దుకాణం దిగి బస్టాండు వైపు నడిచారు. కుంటు లేదు, టపటప లేదు. వందడుగులు పోయారో లేదో పాత షిఫ్టు దోస్తు ఆగయ్య ఎదురొచ్చాడు. ఆయన చెప్పుల మాటే ఎత్తలేదు. అయినా ఎల్లన్న చంకలోంచి అట్టమూత తీశాడు.