ఒనేలియో ఓడిపోయిన వాదన

శాంతా ఇసోలీనా ఊళ్లో ఒనేలియో వాదనలో ఓడిపోగా చూసినవాళ్లు లేరు. ఓడిపోయేలా ఉంటే గొంతు పెంచేవాడు. అదీ చాలకపోతే విషయం మార్చేవాడు. ఎదుటివాడు విసిగిపోయి ఇంటిదారి పడితే, "చూశారుగా, జవాబు లేదు" అని అందరివైపూ తిరిగి చెప్పేవాడు. నోరున్నవాడిదే ఊరన్న మాట ఈ మనిషిని చూశాకే పుట్టి ఉంటుందని అతని భార్య మిగ్దాలియా అంటుండేది.

వయసులో ఉన్నప్పుడు అతను చక్కెర మిల్లులో పనిచేశాడు. పాకం గిరగిరా తిప్పి చక్కెర విడదీసే యంత్రం దగ్గర పని. సాయంత్రాలు మిల్లు జట్టుకి బేస్‌బాల్ ఆడేవాడు. ఆటగాడంటే అన్నీ వచ్చిన ఆటగాడని కాదు. పరుగెత్తడం రాదు. బంతి పట్టమంటే బంతే దయతలచి అతని చేతిలోకి రావాలి. ఉన్నదల్లా భుజబలం. బ్యాటుకి బంతి తగిలిందా, కంచె దాటి చెరకు తోటలో పడేది. కొన్ని బంతులైతే మళ్లీ కోతల్లోనే దొరికేవి. అతను అలా హోమ్‌రన్ కొట్టిన ప్రతిసారీ మిల్లులో ఆవిరి కూత వేసేవారు. వంటింట్లో ఉన్న ఆడవాళ్లు అది విని, "ఒనేలియో మళ్లీ బంతి పారేశాడు" అని నవ్వుకునేవారు. తగలనప్పుడు మాత్రం, తగలనివే ఎక్కువ, మూడు దెబ్బలూ గాలిలోనే కొట్టి అవుటై, ఆ ఊపుకి తనే ఒక చుట్టు తిరిగి, తల దించుకుని వచ్చి బల్ల మీద కూర్చునేవాడు.

ఇప్పుడు మిల్లు లేదు. మూసేశారు, ఆ తర్వాత విప్పేసి ఇనుమంతా లారీల్లో తీసుకుపోయారు. అతను ముప్పై ఏళ్లు నిలబడ్డ చోట గడ్డి మొలిచింది. మిగిలింది ఆట స్థలం, దాని పక్కన సున్నం కొట్టిన గోడ. ఆ గోడ మీద ఊరి మేటి ఆటగాళ్ల పేర్లు నీలిరంగుతో రాసి ఉంటాయి. పెద్ద ఆటగాళ్లకి పట్నంలో కీర్తి మందిరాలుంటే ఉండనీ, శాంతా ఇసోలీనాకి ఆ గోడే కీర్తి మందిరం. దాని మీద ఒనేలియో పేరు లేదు. ఆ పేరు కోసం అతను ఎంత ఆశపడేవాడో ఊరందరికీ తెలుసు, ఎందుకంటే అతను దాచుకోలేదు. "మిల్లు పోయింది. నేనూ పోతాను. ఒనేలియో అనేవాడు ఒకడుండేవాడని చెప్పడానికి ఏదో ఒకటి ఉండొద్దూ?" అని అడిగేవాడు.

ఎవరి పేరు ఎక్కాలో తేల్చేది ఊరి నడిమధ్య తోటలో, తురాయి చెట్టు కింద పోగయ్యే మగవాళ్లు. ఆ చోటుని వేడి మూల అంటారు. అక్కడ రోజూ బేస్‌బాల్ మీద కొట్లాటే. దారినపోయే కొత్తవాళ్లు హత్య జరగబోతోందని కంగారుపడతారు గానీ, జరిగేది ఎప్పుడో జరిగిన ఒక ఆట గురించిన చర్చ. అక్కడ ఒనేలియోకి ఎదురు నిలిచేవాడు ఎవారిస్తో ఒక్కడే. ఒకప్పుడు అదే జట్టులో ఆడాడు. సన్నగా, పొట్టిగా ఉంటాడు. కంచె దాటించిన బంతి జీవితంలో లేదు. కానీ బంతిని మనుషుల మధ్య ఖాళీలోకి నెమ్మదిగా తోసి, పరుగు కోసం చుట్టి రావాల్సిన ఒక్కో బేసూ చేరుకోవడంలో అతన్ని మించినవాడు లేడు. అతని పేరు గోడ మీద ఎప్పుడో ఎక్కింది.

"బలంతో బాదేవాడికి గోడ మీద చోటెందుకురా?" అనేవాడు ఎవారిస్తో. "అందులోనూ మనం ఆడిన రోజుల్లో చెక్క బ్యాట్లున్నాయా? అల్యూమినియం బ్యాట్లు. బంతి తగిలితే చాలు, ఎగిరిపోయేది. నువ్వు కొట్టలేదురా, అల్యూమినియం కొట్టింది. దాని పేరే రాయించు గోడ మీద."

ఎన్ని మాటలకైనా జవాబు చెప్పే ఒనేలియో, ఆ మాటకి మాత్రం గొంతు పెంచడం తప్ప ఇంకేమీ చేయలేకపోయేవాడు.

వేడి మూలకి పెద్ద, మంగలి సిన్ఫొరోసో. ఒకసారి గోడ మీద పేరు గురించి ఇద్దరు కొట్టుకుని ఒకడికి పన్ను ఊడింది. అప్పటినుంచి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. పేరు తేల్చే ఆదివారం నాడు పక్షాలు తిరగబడాలి. ఇన్నాళ్లూ ఆ పేరు కావాలన్నవాడు వద్దని వాదించాలి, వద్దన్నవాడు కావాలని వాదించాలి. చివరికి ఎవరి దగ్గర జవాబు ఆగిపోతే వాళ్లు ఓడినట్టు, గెలిచిన పక్షం మాటే చెల్లుతుంది. సగం మనసుతో వాదించారో, ఆ పేరు మళ్లీ వచ్చే కోతల దాకా ఎత్తకూడదు. "పక్కవాడి నోరు ఒక పూట పెట్టుకుని చూడండిరా, బుద్ధొస్తుంది" అనేవాడు ఆయన.

ఒనేలియో పేరు వంతు వచ్చింది. ఆ పేరు కావాలని ఇన్నేళ్లూ అరిచిందెవరు? ఒనేలియోనే. కాబట్టి వద్దని వాదించాల్సింది కూడా అతనే.

ఆ ఆదివారం వేడి మూల నిండిపోయింది. కాఫీ ఫ్లాస్కు పట్టుకుని మిగ్దాలియా కూడా వచ్చింది. దారిలోనే మొగుడికి చెప్పి తెచ్చింది. "ఏమయ్యా, మెల్లగా వాదించు. కొంచెం నీళ్లు నమిలినా తప్పులేదు."

"సగం మనసుతో వాదిస్తే సిన్ఫొరోసో మామ పట్టేస్తాడే."

"పట్టేసేంత సగం కాకుండా, ముప్పాతిక మనసు పెట్టు."

అలాగే మొదలుపెట్టాడు. ఏవో నాలుగు మాటలు గొణిగాడు. ఒనేలియో మంచివాడేగానీ పరుగెత్తలేడు, అదీ ఇదీ. సిన్ఫొరోసో చేతికర్ర నేలకి తట్టి, "ఏరా, గొంతుకేమైంది? నిన్న డొమినో ఆట దగ్గర బాగానే ఉందే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఒనేలియోకి తగలకూడని చోట తగిలింది. వాదనలో తనని చూసి జనం నవ్వడమా?

"సరే, వినండి" అన్నాడు. "బలం ఎద్దుకి కూడా ఉంటుంది. ఎద్దు పేరు గోడ మీద రాస్తామా? ఈ ఒనేలియో బంతి పట్టలేడు, పరుగెత్తలేడు. కారోలీనా మిల్లుతో ఆఖరి ఆట గుర్తుందా? మూడు బేసుల మీదా మనవాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్క చిన్న దెబ్బ చాలు, గెలిచేవాళ్లం. ఈ మహానుభావుడి కన్ను కంచె మీదే. మూడూ గాలిలో కొట్టాడు. జట్టు కోసం చిన్న దెబ్బ కొట్టే వినయం లేనివాడికి కీర్తి ఎందుకు?"

"నిజమే" అన్నారు వెనకనుంచి ఎవరో. ఇంకొందరు తలూపారు. తలలు ఊగేకొద్దీ ఒనేలియోకి ఊపు వచ్చింది. తన గొయ్యి తానే తవ్వుకుంటున్నానని మరిచిపోయి, ఇంకా లోతుగా తవ్వాడు. మిగ్దాలియా నుదురు కొట్టుకుంది.

"ఇక అల్యూమినియం" అన్నాడు. అక్కడ ఆగాడు. గొంతు తగ్గింది. "చెక్క బ్యాటు ఇచ్చి ఉంటే ఎన్ని బంతులు కంచె దాటేవి? నాకు తెలియదు. ఇది వాదన కోసం అనడం లేదు. నిజంగానే తెలియదు. పడుకుంటే అదే ఆలోచన వస్తుంది."

అతను కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. అతను గెలిచేసినట్టే ఉంది.

ఎవారిస్తో లేచాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నాకిష్టం లేదు, పద్ధతి కాబట్టి మాట్లాడుతున్నా" అన్నాడు. "మన జట్టుకి అల్యూమినియం బ్యాట్లు ఎన్నుండేవి? ఒకటే. అందరం దాంతోనే ఆడాం. నేను కొట్టి కింద పడేసిన బ్యాటే వీడు తీసుకునేవాడు. దాని పిడి ఇంకా వేడిగా ఉండేది. బ్యాటే కొట్టేదైతే నా బంతి కూడా చెరకు తోటలో పడాలి కదా. ఏనాడైనా పడిందా? బ్యాటు బ్యాటేరా. మనిషి మనిషే."

ఒనేలియో తలెత్తి చూశాడు.

"ఇంకోటి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు" అన్నాడు ఎవారిస్తో. ఈసారి జనంవైపు కాదు, నేలవైపు చూస్తూ చెప్పాడు. "బ్యాటింగులో నాది మూడో స్థానం, వీడిది నాలుగు. నేను ఆడుతుంటే వీడు పక్కన నిలబడి చెరకు గడని బ్యాటులా తిప్పుతుండేవాడు. బంతి వేసే పిచర్ కళ్లు నా మీద ఉండేవి కావు, వీడి మీదే. బ్యాటుకి అందని దూరం బంతులు వేసి నన్ను ఉత్తినే బేసు మీదికి పంపితే, తర్వాత వీడొచ్చి ఒక్క దెబ్బతో ఇద్దరి పరుగులూ పూర్తిచేస్తాడని వాళ్లకి భయం. అందుకని నాకు తిన్నని బంతులు వేసేవారు. పళ్లెంలో వడ్డించినట్టే. నేను తిన్నాను. వీడు జ్వరమొచ్చి ఆటకి రాని రోజుల్లో నాకు ఒక్క మంచి బంతి పడలేదు. గోడ మీద నా పేరు ఉంది చూశారూ, ఆ రంగులో సగం వీడిది. ఇన్నాళ్లూ వీడిని రానివ్వకపోవడానికి కారణం అల్యూమినియం కాదు."

సిన్ఫొరోసో గొంతు సవరించుకున్నాడు.

"ఒనేలియో, జవాబు చెప్పు."

ఒనేలియో లేచాడు. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. చెయ్యి కూడా పైకెత్తాడు. జనం ఎదురుచూశారు. చెయ్యి కాసేపు అలాగే ఉండి, కిందికి దిగింది. అతని కళ్లు నిండాయి.

"నా దగ్గర జవాబు లేదు మామా."

"అయితే ఓడిపోయావు."

"ఓడిపోయాను" అన్నాడు ఒనేలియో. ఆ మాట ఎలా ఉంటుందో అతనికి తెలియదు కాబోలు, ఇంకోసారి అన్నాడు. "ఓడిపోయాను."

మిగ్దాలియా కాఫీ పోసి ముందు ఎవారిస్తోకే ఇచ్చింది. "నలభై ఏళ్లుగా ఈయన నోరు మూయించాలని చూస్తున్నాను" అంది. "పొగిడితే చాలని నాకెవరూ చెప్పలేదు."

వారం తిరక్కుండానే నీలిరంగు తెచ్చారు. గోడ మీద పైన ఒక మూల ఖాళీ ఉంది, అక్కడ రాద్దామన్నాడు సిన్ఫొరోసో. ఎవారిస్తో ఒప్పుకోలేదు. తన పేరు కిందే రాయాలని పట్టుబట్టాడు. మూడో వాడి తర్వాత నాలుగో వాడే కదా రావాలి అన్నాడు. అలాగే రాశారు. కూత వేయడానికి మిల్లు లేదు. ఒనేలియో చాలాసేపు గోడ ముందు నిలబడి చూశాడు.

"ఎవారిస్తో" అన్నాడు చివరికి, "నీ పేరు కొంచెం వంకరగా ఉంది."

"వంకర నాది కాదురా, నీదే."

"నాదా? సరిగ్గా చూడు."

ఇద్దరూ గోడ దగ్గరే నిలబడి గొంతులు పెంచారు. మిగ్దాలియా ఖాళీ ఫ్లాస్కు తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.