సింబియన్ మహమూద్

ఇబ్రహీంపట్నం బస్ డిపోకు ఎదురుగా, జిరాక్స్ దుకాణాన్ని ఆనుకుని ఉన్న చిన్న మడిగెలో మహమూద్ పదిహేడేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాడు. ఇప్పుడు అక్కడికి వచ్చేవాళ్లకు కావలసింది చార్జరో, పగిలిన అద్దానికి బదులు ఇంకో అద్దమో. ఒకప్పుడు మాత్రం సాగర్ రోడ్డు మీది ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు అతన్ని ‘సింబియన్ మహమూద్’ అనేవారు.

సింబియన్ అంటే ఆ కాలంలో స్మార్ట్‌ఫోన్లను నడిపించిన సాఫ్ట్‌వేర్. జేబులో పట్టే కంప్యూటర్లు చేసే ఒక లండన్ కంపెనీలో దాని మూలాలున్నాయి. 1998లో పెద్ద ఫోన్ కంపెనీలు కొన్ని కలిసి దాన్ని చేతిలోకి తీసుకున్నాయి. కొన్నేళ్లపాటు ప్రపంచంలో అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లలో సగానికి పైగా దాని మీదే నడిచాయి. పదో తరగతితో చదువు ఆపేసిన మహమూద్ ఇదంతా నెట్ సెంటర్‌లో కూర్చుని, అర్థంకాని ఇంగ్లీషు మాటలు కాగితం మీద రాసుకుంటూ నేర్చుకున్నాడు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే దాని సర్టిఫికెట్ గడువు తీరిపోయిందని ఫోను మొరాయిస్తే, దాని తారీఖు ఒక ఏడాది వెనక్కి తిప్పి, కావలసింది ఎక్కించి, మళ్లీ ఇవాళ్టికి తెచ్చేవాడు. నా పాత ఫోనుకు అలా రెండుసార్లు చేసిచ్చాడు.

అతనికి సాయిమా అని ఒక చెల్లెలుంది. ఆరేళ్లప్పుడు జ్వరం వచ్చి ఆమె చూపు పోయింది. హైదరాబాద్‌లో అంధ బాలికల హాస్టల్లో ఉండి ఇంటర్ దాకా చదివి, ఇంటికొచ్చి ఊరికే కూర్చుంది. వాళ్లమ్మ పేరు నన్నే బీ. ఆమె మిషను కుడుతుంటే సాయిమా పక్కన చేరి జాకెట్లకు హుక్కులు వేసేది. ఎవరికైనా ఫోను చెయ్యాలంటే ఇంకొకరు నంబరు నొక్కిపెట్టాలి. మెసేజ్ వస్తే ఇంకొకరు చదవాలి.

2009లో ఒక రోజు మహమూద్ బొత్తాలున్న ఫోనొకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. సాయిమా ఒక బొత్తం నొక్కగానే లోపలి నుంచి ఎవరో ఇంగ్లీషులో మాట్లాడారు.

“ఎవరిది భాయ్ గీ గొంతు?”

“నీ ఫోన్‌దే. నువ్వు యాడ ఒత్తితే ఆడ ఏమున్నదో జెప్తది. మెసేజ్ వస్తే గూడ సదువుతది.”

చూపులేని వాళ్ల కోసం ఒక కంపెనీ తయారుచేసిన మాట్లాడే సాఫ్ట్‌వేర్ అది. సింబియన్ ఫోన్లలో బాగా పనిచేసేది. తెలుగు పేర్లను మాత్రం ముక్కలు చేసేది. నన్నే బీని ‘నాన్ బీ’ అని చదివితే, ఆ తల్లి మిషను ఆపి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

మూడు నెలలు తిరిగేసరికి సాయిమా వేళ్లు ఆ బొత్తాల మీద పరుగెత్తేవి. ఆ మరుసటేడు ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని దొరికింది. రోజూ క్లాసుకు రాని పిల్లల ఇళ్లకు ఫోను చేసి చెప్పడం ఆమె పని. నాలుగు వందల మంది తల్లిదండ్రుల నంబర్లు ఆ ఫోనులో ఉండేవి. సగం ఆమెకు నోటికే వచ్చు.

2011 ఫిబ్రవరిలో, సింబియన్ ఫోన్లు అందరికన్నా ఎక్కువ చేసే నోకియా కంపెనీ ఇకమీదట దాన్ని వదిలి వేరే సాఫ్ట్‌వేర్‌తో స్మార్ట్‌ఫోన్లు చేస్తామని ప్రకటించింది. మహమూద్ ఆ వార్తను రెండుసార్లు చదివాడు. ఇంట్లో చెప్పలేదు.

అతని జీవితంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఆ ఏడాదే జరిగింది. ప్రతి ఫోనుకూ ఐఎంఈఐ అని పదిహేను అంకెల నంబరుంటుంది. దొంగిలించిన ఫోనును పోలీసులు దాన్నిబట్టే పట్టుకుంటారు. ముఖపరిచయం ఉన్న ఒకాయన ఫోను తెచ్చి ఆ నంబరు మార్చమన్నాడు. తప్పని తెలిసీ, తెలిసిన మనిషేనని మహమూద్ మార్చాడు. లోపలున్నదంతా తుడిచేసి ఇచ్చాడు. పది రోజులకు ఆయన దొరికిపోయి మహమూద్ పేరు చెబితే, పోలీసులు పిలిచారు. మీర్‌పేట్‌లో స్కూటీ మీద వెళ్తున్న స్వప్న అనే నర్సు చేతిలోంచి గుంజుకున్న ఫోనట అది. ఆమె కిందపడి తుంటి విరిగింది. స్టేషన్‌లో చంక కర్రలతో నిలబడి ఉంది. ఆమె అతన్ని తిట్టలేదు.

“అన్నా, గా ఫోన్ల మా బాపు ఫొటోలుండె. ఆయన పోయి ఆర్నెల్లాయె. గవి గూడ తీసేసినవా?” అని మాత్రం అడిగింది.

పోలీసులు మహమూద్ చేత సంతకం పెట్టించుకుని పంపేశారు. ఇంటికొచ్చి తల్లికీ చెల్లెలికీ జరిగింది చెప్పి, ఆ పని మళ్లీ చెయ్యనని మాటిచ్చాడు.

2014 మొదట్లో నోకియా సింబియన్‌కు కొత్త సాఫ్ట్‌వేర్లు తీసుకోవడం కూడా ఆపేసింది. కాలేజీ పిల్లలందరూ టచ్ స్క్రీనుండే అద్దం ఫోన్లకు మారిపోయారు. మహమూద్ మాత్రం హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌కు పోయినప్పుడల్లా చెల్లెలి ఫోను లాంటివి వెతికి, కీప్యాడ్లూ బ్యాటరీలూ తెచ్చి దాచేవాడు. ఏదైనా అరిగిపోతే ఆమెకు తెలిసేలోపే మార్చేవాడు.

2016 సెప్టెంబరు వానల్లో సాయిమా బస్టాండులో తడిసిపోయింది. సంచిలోని ఫోనూ తడిసింది. బోర్డు చచ్చిపోయింది. మహమూద్ అదే మోడల్ ఇంకోటి తెచ్చి, మాట్లాడే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అది లైసెన్సు అడిగింది. ఆ లైసెన్సు పాత ఫోను ఐఎంఈఐకే ముడిపడి ఉంది. కంపెనీకి మెయిల్ రాస్తే, ఆ సాఫ్ట్‌వేర్ ఆపేసి చాలా కాలమైంది, సాయం చెయ్యలేమని జవాబొచ్చింది.

ఇక ఒకటే దారి. పాత ఫోను నంబరును కొత్త ఫోనుకు ఎక్కించడం. ఇరవై నిమిషాల పని. అందుకు కావలసిన పరికరం సొరుగులోనే ఉంది. రెండు ఫోన్లూ తనవే. ఎవరి సొమ్మూ కాదు. మహమూద్ సొరుగు తెరిచాడు. పరికరం బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. కర్రల మీద నిలబడ్డ ఆ నర్సు గుర్తొచ్చింది. దాన్ని తిరిగి లోపల పెట్టేశాడు.

“అయితలేదు సాయిమా. బోర్డు పోయింది,” అని చెప్పాడు.

“నీతోని గాలేదంటే ఇంకెవరితోని గాదు తీ, భాయ్,” అంది సాయిమా.

ఆ మాట తనను కొట్టినట్టయిందని మహమూద్ నాతో అన్నాడు.

అద్దం ఫోను తెచ్చిచ్చాడు. దానికీ మాట్లాడటం వచ్చు. కానీ చదునైన అద్దం మీద ఏది ఎక్కడుందో వేలికి తెలియదు. ఒకరికి చేయబోతే ఇంకొకరికి పోయేది. కాలేజీవాళ్లు నెల రోజులు చూసి వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. సాయిమా మళ్లీ తల్లి పక్కన హుక్కులు వేసుకుంటూ కూర్చుంది. ఆ నవ్వులు ఇప్పుడు లేవు. ఏడాదిన్నర గడిచింది.

2018లో మీర్‌పేట్‌లో చూపులేని వాళ్లకు అద్దం ఫోన్లు నేర్పుతున్నారని తెలిసి వెళ్లడం మొదలుపెట్టింది. నేర్పే సుశాంత్‌కూ చూపు లేదు. మాటల్లో ఆమె తన పాత ఫోను కథ చెప్పింది. “ఐఎంఈఐ మారిస్తే నడుస్తుండె గదక్కా. మస్తుమంది గట్లనే నడుపుకున్నరు,” అన్నాడతను.

ఆ రోజు ఆమె బస్సు దిగి ఇంటికి పోలేదు. కర్రతో దారి తడుముకుంటూ నేరుగా దుకాణానికి వచ్చింది.

“నంబర్ మారిస్తే నడుస్తుండెనా భాయ్?”

మహమూద్ చేతిలో పని ఆగిపోయింది. “అవ్,” అన్నాడు.

“మరి అయితలేదని ఎందుకు జెప్పినవ్?”

“ఆ నర్సమ్మ యాదికొచ్చింది. మల్ల జెయ్యనని అమ్మీకి, నీకు మాటిచ్చిన గదా.”

“మాట నాకిచ్చినవ్. మరి నన్నెందుకు అడగలే? నేను గూడ వద్దనే అందునేమో. నా నౌకరీ పోయింది, నా నోరు పోయింది. ఏం పోవాలె, ఏం ఉండాలె, అన్నీ నువ్వే ఫైసల్ జేస్తివి. కండ్లే లేవు నాకు. తెల్వి గూడ లేదనుకున్నవా?”

మహమూద్ స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

ఇదంతా జరిగి ఏళ్లయింది. నన్నే బీ కరోనా ఏడాదిలో పోయింది. అన్నాచెల్లెళ్లు ఒకే ఇంట్లో ఉంటున్నారు. సాయిమా ఇప్పుడు వారానికి మూడు రోజులు మీర్‌పేట్ పోయి, కొత్తగా చూపు పోయినవాళ్లకు ఫోను నేర్పుతుంది. పొద్దున అన్నకు అన్నం డబ్బా కట్టిస్తుంది. జ్వరమొస్తే దవాఖానకు తోడు పోతుంది. ఫోను సంగతి మాత్రం అతన్ని అడగదు. ఏదన్నా ఆగిపోతే, పక్కింట్లో డిగ్రీ చదివే హిమజను పిలుస్తుంది.

మొన్న ఆదివారం ఆమె ఫోను గొంతు ఉన్నట్టుండి మూగబోయింది. హిమజ వచ్చి అరుగు మీద కూర్చుని అటూ ఇటూ వెతుకుతోంది. లోపల అన్నం తింటున్న మహమూద్‌కు సంగతేమిటో అర్థమైంది. “వాల్యూమ్ బటన్లు రెండు ఒక్కసారే ఒత్తిపట్టుకో బిడ్డా,” అన్నాడు లోపలి నుంచే.

సాయిమా హిమజ భుజం తట్టింది.

“హిమజా, నీకు తెలిసినట్టు నువ్వు జూడు,” అంది సాయిమా.

మహమూద్ ప్లేటు తీసుకుని వెనక వాకిట్లోకి పోయాడు.