మొదటి రీలు

మొన్న ఆదివారం మా అమ్మాయి టీవీలో కొత్త ఫైటింగ్ సినిమా పెట్టింది. ఎర్రటి బీడు, దూరంగా మూడు జీపులు, వాటి వెనక దుమ్ము. "ఇంక రెండు నిమిషాల్లో ఎవరో పోతారు చూడమ్మా" అంది, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ. రిమోటు లాక్కొని ఆపేశాను. అది నన్ను వింతగా చూసింది. మా అత్త సంగతి దానికి తెలియదు.

మా మేనమామ అనంతపురంలో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను బుక్కరాయసముద్రంలో వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఏ సినిమా సంగతైనా మామ మొదటి రీలుతోనే తేల్చేసేవాడు. రాత్రి సంగటి తింటూ నాకు పాఠం చెప్పేవాడు. "మొదట్లోనే ముగ్గేసే ఆడమనిషిని చూపించినారనుకో, అది ఏడుపు సినిమా. కాలేజీ గేటు చూపిస్తే పాటలు. మనిషి ఒంటిగా చేన్లో ఉండి, పక్షులు లేచిపోయి, సౌండు ఆగిపోయిందా, ఇంక నరుకుడే." మా అత్త ఇవేవీ వినిపించుకోకుండా గిన్నెలు సర్దుకునేది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె ఆ హాలు గడప తొక్కలేదు. ఆ సౌండుకు తలనొప్పి అనేది. ఆపరేటరు పెళ్ళానికి ఊరికే వచ్చే సినిమా చూసే యోగం లేకపోయిందని వీధిలో ఆడవాళ్ళు తెగ బాధపడేవాళ్ళు. ఆమె తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాయనను ఊరి తగాదాల్లో చంపేశారని మాత్రం అందరికీ తెలుసు. అంతకు మించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

ఒక ఎండాకాలం అత్తకు కళ్ళజోడు చేయించడానికి టౌనుకు తీసుకుపోయాను. తిరిగి వచ్చే బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. హాలు ముందే ఎండకు ఆమె కళ్ళు తిరిగి కూలబడితే మామ మమ్మల్ని హాల్లో ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఆట మొదలుపెట్టడానికి పైకి పోయాడు. ఆ రోజే వచ్చిన సినిమా. అందులో ఏముందో ఆయనకూ తెలియదు.

తెర మీద తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన చేన్లో వంగి వేరుశెనగ చెట్టు పెరికి కాయలు చూస్తున్నాడు. దూరంగా దుమ్ములో ఒక జీపు కనపడింది. పక్షులు లేచిపోయాయి. చప్పుడంతా ఆగిపోయింది. ఇంకా ఎవరూ కత్తి ఎత్తలేదు. నా పక్కన అత్త లేచి నిలబడింది.

"నాయనా, ఉరుకు. వాళ్ళు నీ కోసమే వస్తాండారు."

ఆ గొంతు నేనెప్పుడూ విన్నది కాదు. ఈలలు వేసే నేల టికెట్ల వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. పైన మామ ఆమెను గుర్తుపట్టినట్టున్నాడు, బొమ్మ ఆగి తెర తెల్లగా అయిపోయింది. రీలు తెగితే కుర్చీలు విరగ్గొట్టే జనం, కాళ్ళు ముడుచుకొని మామకు దారి ఇచ్చారు. మామ పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీదే కూర్చున్నాడు.

"ఈ మాదిరి కాదు వాళ్ళు వచ్చింది" అంది అత్త, తెర వైపే చూస్తూ. "దుమ్మూ లేదు, జీపూ లేదు. నడ్సుకుంటా వచ్చినారు. తెలిసినోళ్ళే. మజ్జిగ అడిగితే ఇచ్చినా. మీ నాయన యాడుండాడు పాపా అని నవ్వుతా అడిగినారు. బాయి కాడ ఉండాడని నేనే పిల్చుకపోయి చూపించినా."

అంతకాలం పక్కనే బతికిన మామకు కూడా ఆ మాట కొత్తదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఆయన, "తొమ్మిదేండ్ల పిల్లవి. అడిగినారు, చెప్పినావు. నీ తప్పు యాడుంది?" అన్నాడు.

"ఈ మాట ఎవురూ చెప్పలేదు నాకు" అంది అత్త.

"నువ్వు ఎవురికీ చెప్పకపోతివి కదా" అన్నాడు మామ.

మిగతా ఆట అసిస్టెంటుకు అప్పజెప్పి, డ్యూటీ మధ్యలో ఆయన మాతో పాటు బస్సెక్కాడు. ఆ తర్వాత మామ మళ్ళీ మొదటి రీలు పాఠం చెప్పలేదు. అత్త మాత్రం వాళ్ళ నాయన గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆయన గురక, కర్బూజా పండు మీద ఆయన పిచ్చి, కూతురిని భుజాన ఎక్కించుకొని శింగనమల చెరువు కట్ట దాకా నడిచిన నడక. ఆ కబుర్లు చెప్తూ ఒకోసారి నవ్వేది కూడా. ఇప్పుడు ఇద్దరూ లేరు. నాకూ అరవై దగ్గర పడింది. వయసుతో పాటు అన్నీ మరుగున పడిపోతాయనుకునేదాన్ని, కానీ తొమ్మిదేళ్ళ పిల్లకు మొదలైన ఆ ఒక్క మధ్యాహ్నం ముప్పై ఏళ్ళ తర్వాత గానీ పొద్దు గూకలేదు.