కల్లు తాగిన ఇంజెక్టర్

పాడేరులో డీజిల్ బండి ఏది మొరాయించినా ముందు నా షెడ్డుకే రావాలని ఒకప్పుడు నాకు మహా పొగరు. జీపులో ఏ సిలిండర్ పడుకుందో చెప్పడానికి నాకొక పానా చాలు. ఇంజన్ తిరుగుతుండగానే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసేవాణ్ణి. దేన్ని వదిలితే మోత మారదో, రోగం అక్కడే. కొండల్లో మెకానిక్కులందరి చదువూ అదే.

కామన్ రైల్ అనే కొత్తరకం డీజిల్ కార్లు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక వాటి మీదా అదే చదువు ప్రయోగించాను. నట్టు అర చుట్టు తిప్పానో లేదో, దారమంత సన్నటి డీజిల్ ధార నా చేతిలోని గుడ్డను చీల్చేసింది. వేలు ఉండాల్సిన చోట గుడ్డ ఉంది కాబట్టి బతికిపోయాను. అప్పట్నుంచి కంప్యూటర్ బండి వస్తే చాలు, నాకు వేరే పని గుర్తొచ్చేది.

కానీ జీపులు ఏటికేడు తగ్గిపోతుంటే ఎన్నాళ్ళని తప్పించుకుంటాను? ఖాళీ మధ్యాహ్నాల్లో షెడ్డు తలుపు దగ్గరగా వేసుకుని ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ కూడా కొని తువ్వాలులో చుట్టి దాచాను. ఈ వయసులో ఓనమాలు దిద్దుతున్నాడని నవ్వుతారేమోనని సిగ్గు. పాత పంపు ఒక్కో నాజిల్‌కీ వంతులవారీగా డీజిల్ తోసేది. కొత్త ఇంజన్‌లో ఇంజెక్టర్లనే కొత్తరకం నాజిళ్ళు, అందరికీ కలిపి ఒకటే గొట్టం, కామన్ రైలంటే అదే. అందులో ఎప్పుడూ విపరీతమైన ఒత్తిడి. ఎవరికి ఎప్పుడు ఎంత పొయ్యాలో కంప్యూటర్ చూసుకుంటుంది. అందుకే పొగ లేదు, దడదడ లేదు. నిజం చెప్పాలంటే ఆ పనితనం చూసి నాకు ముచ్చటేసింది.

అలాంటి కారే ఒకటి నా షెడ్డు ముందుకు తోసుకొచ్చారు. కాఫీ తోట చూసుకుంటూ, సంతలకు జనాన్ని తిప్పుతూ తనే కారు తోలే అక్క ఒకామె ఉంది. కారు ఆమెదే. అప్పటికే ఇద్దరు మెకానిక్కులు చేతులెత్తేశారు. బండిని పట్నం తీసుకుపోవడానికి టోయింగ్ బండి మర్నాడు పొద్దున్నే వస్తుందట.

"పట్నమోళ్ళు నాలుగు ఇంజెక్టర్లూ పంపూ మార్సాలంటారు. నావల్ల కాదు. కారు అక్కడే ఒగ్గీసి రావాల. నువ్వొక్కపాలి సూడు తమ్ముడా," అంది.

సందు చివరి దాకా జనం చేరారు. కారు కొండ దిగితే ఆమె తోలడం ఆగిపోతుంది. నా పేరు కూడా పాత జీపులతోపాటు తుక్కులోకి పోతుంది. తాడోపేడో తేల్చుకుందామని తువ్వాలు విప్పాను.

సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. గొట్టంలో ఒత్తిడి పెరగడం లేదని స్కానర్ చెప్పింది. చెయ్యి అలవాటుగా పానా మీదికి పోయింది, వెనక్కి తీసుకున్నాను. మందుల షాపు నుంచి నాలుగు సెలైన్ ట్యూబులు తెప్పించి, ఇంజెక్టర్లు వాడకుండా వెనక్కి వదిలే డీజిల్ నాలుగు సీసాల్లో పడేలా పెట్టాను. మళ్ళీ సెల్ఫ్ కొట్టమన్నాను. మూడు సీసాల అడుగు తడిసిందంతే. మూడో ఇంజెక్టర్ సీసా సగం నిండింది. ఒత్తిడంతా అక్కడే కారిపోతోంది, దొంగ దొరికాడు.

ఎందుకు పాడైందో తెలియాలి కదా, ఫిల్టర్ అడుగు విప్పాను. తెల్లటి నీళ్ళు, పులుపు వాసన.

"డీజిల్ దేంట్లో తెచ్చినావక్కా?"

"జీలుగు కల్లు క్యాను. కడిగే పోసినాను మరి."

కడిగింది, ఆరబెట్టలేదు. మా కొండల్లో ఆ క్యాను లేని ఇల్లు లేదు. పాత జీపైతే ఆ నీళ్ళు తాగి రెండుసార్లు దగ్గి ఊరుకునేది. "ఇంజెక్టర్‌కి కల్లు తాగించీసినావు," అంటే జనం గొల్లుమన్నారు, ఆమె కూడా.

చెట్టును గుద్దుకుని షెడ్డు వెనక పడివున్న అదే మోడల్ కారులోంచి ఒక ఇంజెక్టర్ తీశాను. ట్యాంకు కడిగి ఆరబెట్టి, కొత్త ఫిల్టర్ వేసి, ఆ ఇంజెక్టర్ బిగించి, ఇంజన్ అంటుకోకుండా ఇంజెక్టర్ల వైర్లు ఊడదీసి సీసాల పరీక్ష మళ్ళీ పెట్టాను. నాలుగు సీసాలూ సమానం. వైర్లు తిరిగి తగిలించాను. ఇంజెక్టర్ తల మీద చెక్కిన అంకెలూ అక్షరాలూ ఒక్కొక్కటే చదువుతూ స్కానర్‌లో కొట్టాను, తప్పు దొర్లకుండా మూడుసార్లు సరిచూసి. కొత్తగా బిగించిన ఇంజెక్టర్‌ను కంప్యూటర్ గుర్తుపట్టాలంటే ఆ కోడ్ కావాలి. అప్పటికి పొద్దు వాలింది. సెల్ఫ్ కొట్టింది అక్క. మొదటి తిప్పుకే అంటుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

మర్నాడు టోయింగ్ బండి వచ్చేసరికి ఆమె అయిదుగుర్ని ఎక్కించుకుని సంతకు బయల్దేరుతోంది. ఎదురుగా ఉన్న ఎత్తును మూడో గేరులోనే పొగ లేకుండా ఎక్కేసింది. టోయింగ్ డ్రైవర్ మలుపు దాకా అటే చూసి, బండి దిగి నా దగ్గరకొచ్చాడు.

"ఖాళీగా దిగాలన్నమాట," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా బండీ కామన్ రైలే మేస్త్రీ. ఘాట్‌లో లాగడం లేదు. కొంచెం చూస్తారా?" అన్నాడు.

సీసాలు కడిగి తెచ్చాను, అక్క క్యానులా కాదు, ఆరబెట్టి.